పదే పదే ఆగిపోతున్న కంటెయినర్.. ఇంట్లోనే డెవాప్స్ ల్యాబ్!

'కంటెయినర్ స్టార్ట్ అవుతోంది. అర నిమిషంలో ఆగిపోతోంది. మళ్లీ తనంతట తానే లేస్తోంది. మీరైతే ఏం చేస్తారు?' డెవాప్స్, క్లౌడ్ సపోర్ట్, ఎస్‌ఆర్‌ఈ కొలువుల ఇంటర్వ్యూల్లో ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ప్రశ్న ఇది. 'రీస్టార్ట్ చేస్తాను సార్' అంటే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. 'ముందు ఎగ్జిట్ కోడ్ చూస్తాను' అంటే అసలు ఇంటర్వ్యూ అప్పుడే మొదలవుతుంది. ఆ రెండో జవాబు నోట్సు బట్టీ పడితే రాదు. నాలుగైదు సార్లు నిజంగా దెబ్బ తిన్న సర్వర్ ముందు కూర్చుంటే వస్తుంది. అలాంటి సర్వర్ ఒకటి ఇంట్లోనే పెట్టుకోవచ్చు.

కాలేజీ ప్రాజెక్టు ఒక్కసారి నడిస్తే చాలు. డెమో రోజు తెర మీద కనిపించిందా, మార్కులు పడ్డాయా, అంతే. కంపెనీలో పని ఇలా ఉండదు. అక్కడ ప్రోగ్రామ్ అర్ధరాత్రి నడవాలి, ఆదివారం నడవాలి, రాసినవాళ్లు సెలవులో ఉన్నా నడవాలి. ఆగినప్పుడు ఎందుకు ఆగిందో చెప్పగలిగే మనిషి కావాలి. 'ఫ్రెషర్లకు అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?' అని చాలామంది విద్యార్థులు వాపోతుంటారు. ఈ ఒక్క రంగంలో మాత్రం దానికి ఖర్చు లేని సమాధానం ఉంది.

మూలన పడున్న ల్యాప్‌టాప్ చాలు

నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, దాని మీద ఉబుంటు సర్వర్ లేదా డెబియన్, ఆపైన డాకర్. ఫొటోలకు ఇమ్మిచ్, వీడియోలకు జెల్లీఫిన్, ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్, ప్రకటనల్ని ఆపడానికి పై-హోల్.. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. బ్యాటరీలో కాస్త ప్రాణం మిగిలి ఉంటే అదే యూపీఎస్ కూడా. ఒక్క జాగ్రత్త: మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకుంటుంది. ఆ సెట్టింగ్ మార్చకుండా మూత వేసేసి 'సర్వర్ క్రాష్ అయింది' అని గంటలు గంటలు వెతికేవాళ్లు తక్కువేం కాదు.

ఏదో ఒక టెస్ట్ వెబ్‌సైట్ పెట్టుకుని చేతులు దులుపుకోకండి. ఇంట్లోవాళ్లు రోజూ వాడేది పెట్టండి. అమ్మానాన్నల ఫోన్లలోని ఫొటోలు సర్వర్‌లోకి వస్తున్నాయనుకోండి, అది ఆగిన రోజు మిమ్మల్ని అడిగే మనిషి ఉంటారు. ఆ ఒత్తిడి ఉంటేనే నేర్చుకోవడం జరుగుతుంది. అయితే ఆ ఫొటోల మరో కాపీ వేరే డిస్క్‌లో పెట్టాకే ఈ పని మొదలెట్టాలి. ఈ విషయంలో మినహాయింపు లేదు. ఇంకో మాట, రూటర్‌లో పోర్టులు తెరిచి సర్వర్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి వదలొద్దు. బయటి నుంచి వాడాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి.

కంటెయినర్ అంటే చిన్న కంప్యూటర్ కాదు

చాలామంది పొరబడేది ఇక్కడే. కంటెయినర్‌ని ఒక బుల్లి కంప్యూటర్‌లా ఊహించుకుంటారు. నిజానికి అది మీ లినక్స్ మీద నడిచే మామూలు ప్రాసెస్. దాని చుట్టూ రెండు కంచెలు ఉంటాయి. అది ఏమేం చూడగలదో నేమ్‌స్పేసెస్ నిర్ణయిస్తాయి. ఎంత మెమరీ, ఎంత సీపీయూ వాడగలదో సీగ్రూప్స్ నిర్ణయిస్తాయి. సీగ్రూప్స్ 2008లోనే లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చాయి. వాటన్నిటినీ అందరూ వాడగలిగేలా చేసిన డాకర్ 2013లో బయటికొచ్చింది.

ఈ చరిత్ర ఎందుకంటే, దీంట్లోంచే మొదటి సూత్రం వస్తుంది. లోపలి ప్రధాన ప్రాసెస్ ముగిస్తే కంటెయినర్ కూడా ముగుస్తుంది. అందుకే ఒట్టి ఉబుంటు ఇమేజ్‌ని నడిపితే క్షణంలో ఆగిపోతుంది. అది క్రాష్ కాదు, చేయాల్సిన పని లేక ఆగడం. అలాగే, ఒక సర్వీసు తనను తాను బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపుకుంటే డాకర్ దృష్టిలో పని అయిపోయినట్టే. ఎర్రర్ ఏమీ ఉండదు, కోడ్ సున్నా వస్తుంది, అయినా కంటెయినర్ మళ్లీ మళ్లీ లేచి పడుతూ ఉంటుంది.

ముందు ఆ రీస్టార్ట్ ఆపండి

కాంపోజ్ ఫైల్‌లో 'రీస్టార్ట్: అన్‌లెస్-స్టాప్డ్' అన్న లైను దాదాపు అందరూ పెడతారు. మంచిదే. కానీ రోగాన్ని దాచేది కూడా అదే. కంటెయినర్ పడిన ప్రతిసారీ డాకర్ దాన్ని లేపుతుంది. మొదట 100 మిల్లీసెకన్లు ఆగి, తర్వాత ప్రతిసారీ ఆ విరామాన్ని రెట్టింపు చేస్తూ, గరిష్ఠంగా ఒక నిమిషం దాకా తీసుకెళ్తుంది. కంటెయినర్ కనీసం పది సెకన్లు నిలబడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకు 'ఒకసారి ఓపెన్ అవుతోంది, ఒకసారి అవట్లేదు' అనిపిస్తుంది. నెట్ స్లో అనుకుని వదిలేస్తారు.

'డాకర్ పీఎస్ -ఏ' కొట్టి స్టేటస్ చూడండి. వారం కిందట మొదలెట్టిన కంటెయినర్ పక్కన 'అప్ 8 సెకండ్స్' అని ఉందంటే అది ఇప్పుడే లేచిందన్నమాట. 'డాకర్ ఇన్‌స్పెక్ట్'లో రీస్టార్ట్ కౌంట్ ఎన్నిసార్లు పడిందో చెబుతుంది. సంఖ్య చూశాక 'డాకర్ అప్‌డేట్'తో రీస్టార్ట్ పాలసీని 'నో'గా మార్చండి. ఇప్పుడు పడితే పడిన చోటే ఉంటుంది. నింపాదిగా పరిశీలించొచ్చు.

నంబరు చెప్పే కథ

పడిన ప్రతి కంటెయినర్ ఒక ఎగ్జిట్ కోడ్ వదిలి వెళ్తుంది. 1 వస్తే ప్రోగ్రామే ఏదో నచ్చక బయటికొచ్చింది. పాస్‌వర్డ్ తప్పో, ఫైల్ కనిపించలేదో, ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేదో. లాగ్ చివరి ఇరవై లైన్లు చదివితే తేలిపోతుంది. 127 అంటే నడపమన్న కమాండ్ ఇమేజ్‌లో లేదు. 126 అంటే ఉంది కానీ నడపడం కుదరలేదు.

128 దాటిన నంబర్లలో అసలు కథ ఉంది. వాటిలోంచి 128 తీసేస్తే ప్రాసెస్‌ని ముగించిన సిగ్నల్ నంబరు వస్తుంది. 143లో మిగిలేది 15, అంటే సిగ్‌టర్మ్, ఆగమని మర్యాదగా చెప్పడం. 139లో మిగిలేది 11, మెమరీలో తనది కాని చోటును తాకిన సెగ్మెంటేషన్ ఫాల్ట్. 132లో మిగిలేది 4, ప్రాసెసర్‌కి తెలియని ఆదేశం వచ్చిందని. పాత ల్యాప్‌టాప్ సర్వర్లలో ఈ 132 తరచూ కనిపిస్తుంది. ఉదాహరణకు మోంగోడీబీ 5.0 నుంచి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఏవీఎక్స్ అనే సౌకర్యం ఉండాలి. చాలా తరాల సెలెరాన్, పెంటియమ్ చిప్‌లలో అది లేదు. సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు, పాత వెర్షన్ వాడటమో మెషీన్ మార్చడమో చేయాలి. ఇది తెలియక మూడు రాత్రులు పాడుచేసుకోవడం కంటే ఒక్క తీసివేత లెక్క నయం కదా!

ఇక 137. మిగిలేది 9, సిగ్‌కిల్. 'మెమరీ అయిపోయింది' అని చాలామంది టక్కున చెప్పేస్తారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎదురుచూసేది కూడా ఈ తొందరనే. 137 చెప్పేది ఒక్కటే, ఎవరో బలవంతంగా చంపారని. మీరు 'డాకర్ స్టాప్' కొట్టినా ఇదే రావచ్చు. డాకర్ ముందు సిగ్‌టర్మ్ పంపి, మామూలుగా పది సెకన్లు ఆగి, అప్పటికీ కదలకపోతే సిగ్‌కిల్ వేస్తుంది. ప్రోగ్రామ్‌ని నేరుగా కాకుండా షెల్ ద్వారా నడిపిస్తే ఆ మొదటి సిగ్నల్ లోపలికి చేరకపోవచ్చు. కాబట్టి 137 చూశాక ఇన్‌స్పెక్ట్‌లో 'ఓఓఎమ్ కిల్డ్' అన్న చోట 'ట్రూ' ఉందా, 'ఫాల్స్' ఉందా చూడాలి. తర్వాత కెర్నెల్ లాగ్ చూడాలి. ఈ రెండూ చూశాకే మెమరీ గురించి మాట్లాడాలి.

రాత్రి రెండింటి కేసు

ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. నాలుగు జీబీ ల్యాప్‌టాప్. ఫొటో అప్లికేషన్‌లో నాలుగు కంటెయినర్లు: వెబ్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రెడిస్, ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే మెషీన్ లెర్నింగ్ భాగం. పగలంతా బాగానే ఉంటుంది. తెల్లారేసరికి డేటాబేస్ పడి లేచినట్టు కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో 'సరిగా షట్‌డౌన్ కాలేదు, రికవరీ జరుగుతోంది' అన్న అర్థం వచ్చే లైను. టైమ్ చూస్తే 20:30.

మొదటి ఉచ్చు ఆ టైమే. కంటెయినర్లు చాలావరకు యూటీసీలో నడుస్తాయి. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన సమయం, అంటే తెల్లవారుజామున రెండు. సాయంత్రం ఎనిమిదిన్నరకు ఇంట్లో ఎవరేం చేశారని ఆరా తీస్తే ఏమీ దొరకదు. అసలు కారణం రెండింటికి మొదలయ్యే ముఖాల గుర్తింపు పని.

రెండో ఉచ్చు డేటాబేస్ లాగ్. అది చదివితే డేటాబేస్ పాడైందనిపిస్తుంది. డిస్క్ పోయిందేమోనన్న భయం కూడా వేస్తుంది. కానీ పోస్ట్‌గ్రెస్ తీరు వేరు. దాని లోపలి ప్రాసెస్‌లలో ఏ ఒక్కదాన్ని ఎవరు సిగ్‌కిల్‌తో చంపినా, జాగ్రత్త కోసం మిగతా కనెక్షన్లన్నీ తెంచేసి రికవరీ చేసుకుని మళ్లీ మొదలవుతుంది. అది బాధితురాలే తప్ప దోషి కాదు.

మరి చంపింది ఎవరు? 'జర్నల్‌సీటీఎల్ -కే'తో కెర్నెల్ లాగ్ తెరవండి. 'అవుట్ ఆఫ్ మెమరీ' అని పోస్ట్‌గ్రెస్ పేరు కనిపిస్తుంది. అదే 'మెమరీ సీగ్రూప్ అవుట్ ఆఫ్ మెమరీ' అని ఉంటే ఆ కంటెయినర్ తన లిమిట్ దాటిందని అర్థం. ఇక్కడ 'సీగ్రూప్' అన్న మాట లేదు. అంటే మొత్తం మెషీన్ మెమరీ అయిపోయింది. అలాంటప్పుడు కెర్నెల్ ప్రాసెస్‌లకు స్కోరు వేసి ఒకదాన్ని బలి ఇస్తుంది. మెమరీ మింగింది ఒకటి, వేటు పడింది మరొకదాని మీద. ఇలాంటి సందర్భాల్లో డాకర్ 'ఓఓఎమ్ కిల్డ్: ఫాల్స్' అని చూపించే అవకాశమూ ఉంది. అందుకే ఒక్క చోట చూసి తీర్పు చెప్పకూడదు.

రాత్రి పని నడుస్తుండగా 'డాకర్ స్టాట్స్' తెరిచి చూస్తే ముఖాల గుర్తింపు కంటెయినర్ మెమరీ పైపైకి ఎక్కుతూ కనిపిస్తుంది. దానికి లిమిట్ పెట్టలేదు. సరే, ఒక జీబీ లిమిట్ పెట్టారు. డేటాబేస్ నిలబడింది. కానీ ఇప్పుడు ఆ కంటెయినర్ పడుతోంది, ఈసారి 'ఓఓఎమ్ కిల్డ్: ట్రూ'. కొన్నిసార్లు ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. లిమిట్ దాటినప్పుడు కెర్నెల్ చంపేది లోపలి పిల్ల ప్రాసెస్‌ని కావచ్చు. ప్రధాన ప్రాసెస్ బతికే ఉంటుంది కాబట్టి కంటెయినర్ 'అప్' అనే చూపిస్తుంది, పని మాత్రం జరగదు.

చాలామంది ఇక్కడ లిమిట్‌ని రెండు జీబీకి పెంచేస్తారు. అలా చేస్తే మళ్లీ మొదటికే వస్తారు, డేటాబేస్ మీద వేటు పడుతుంది. నా లెక్కలో సరైన దారి పనిని తగ్గించడం. ఒకేసారి నడిచే జాబ్‌ల సంఖ్యను ఒకటికి దించాలి. చిన్న మోడల్ ఎంచుకోవాలి. అప్పుడు లిమిట్‌ని, మెషీన్‌లో మిగిలిన మెమరీని పక్కపక్కన పెట్టుకుని నిర్ణయించాలి. రెండు జీబీ స్వాప్ ఫైల్ పెట్టడం కూడా ఉపయోగమే, హార్డ్ డిస్క్ మీద నెమ్మదిగా ఉంటుంది కానీ రాత్రి పని కాబట్టి ఫర్వాలేదు. మార్చేది మాత్రం ఒకసారికి ఒక్కటే. మూడు మార్పులు ఒకేసారి చేసి సమస్య పోతే, ఏది పనిచేసిందో జన్మలో తెలియదు.

కరెంటు పోయి వచ్చాక..

మన ఊళ్లలో హోమ్ సర్వర్ పెట్టినవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే కేసు ఇది. కరెంటు పోయింది, వచ్చింది. సర్వర్ లేచింది. ఫొటో యాప్ తెరిస్తే 'స్వాగతం, అడ్మిన్ ఖాతా తెరవండి' అంటోంది. ఫొటోలన్నీ మాయం! గుండె జారిపోతుంది.

చాలా సందర్భాల్లో ఫొటోలు ఎక్కడికీ పోవు. డేటా యూఎస్‌బీ డిస్క్‌లో ఉంది. ఆ డిస్క్ మౌంట్ కాకముందే డాకర్ మొదలైంది. '-వీ' పద్ధతిలో ఇచ్చిన ఫోల్డర్ కనిపించకపోతే డాకర్ ఊరుకోదు, ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ సృష్టించి కంటెయినర్‌కి అప్పగిస్తుంది. యాప్ దాన్ని చూసి కొత్త ఇన్‌స్టాలేషన్ అనుకుంటుంది. అప్పుడు కొత్త ఖాతా తెరవకండి. కంటెయినర్లు ఆపండి, డిస్క్ మౌంట్ చేయండి, మళ్లీ లేపండి. శాశ్వత పరిష్కారం కావాలంటే డాకర్ సర్వీసు ఆ మౌంట్ కోసం ఎదురుచూసేలా సిస్టమ్‌డీలో చెప్పాలి. '-వీ' బదులు 'మౌంట్' పద్ధతి వాడినా మేలే, ఫోల్డర్ లేకపోతే ఖాళీది సృష్టించకుండా ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆగిపోవడం కూడా కొన్నిసార్లు మంచిదే.

కరెంటు వచ్చిన వెంటనే వెబ్ కంటెయినర్ రెండు మూడుసార్లు కోడ్ 1తో పడి తర్వాత నిలబడితే కంగారొద్దు. డేటాబేస్ ఇంకా రికవరీలో ఉంది, అంతే. కాంపోజ్‌లోని 'డిపెండ్స్ ఆన్' మామూలుగా అవతలి కంటెయినర్ మొదలైందా అనే చూస్తుంది, సిద్ధంగా ఉందా అని చూడదు. హెల్త్‌చెక్ రాసి 'సర్వీస్ హెల్దీ' షరతు పెడితే ఆ సమస్య తీరుతుంది. అన్నట్టు, హెల్త్‌చెక్ ఫెయిలైనంత మాత్రాన ఒట్టి డాకర్ కంటెయినర్‌ని రీస్టార్ట్ చేయదు. 'అన్‌హెల్దీ' అని రాసి ఊరుకుంటుంది. దీని మీద కూడా ప్రశ్న రావచ్చు.

డిస్క్ నిండటం గురించి క్లుప్తంగా చెప్పాలంటే: డాకర్ డీఫాల్ట్ లాగ్ పద్ధతిలో ఫైల్ సైజుకు హద్దు లేదు. ఎర్రర్లు కక్కే ఒక్క కంటెయినర్ నెలల తరబడి నడిస్తే డిస్క్ మొత్తం మింగేయగలదు. అప్పుడు అన్నీ వరసగా పడతాయి. 'మ్యాక్స్-సైజ్', 'మ్యాక్స్-ఫైల్' సెట్టింగులు మొదటి రోజే పెట్టండి.

'లేటెస్ట్' ట్యాగ్ కూడా అలాంటిదే. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌ని 'లేటెస్ట్' అని రాసి వదిలేస్తే, ఏదో ఒక రోజు అప్‌డేట్ చేయగానే కొత్త మేజర్ వెర్షన్ వస్తుంది. 15తో సృష్టించిన డేటా ఫోల్డర్‌ని 16 తెరవదు, స్టార్ట్ అయిన ప్రతిసారీ ఆగిపోతుంది. వెర్షన్ నంబరు రాసుకోవడానికి రెండు సెకన్లు చాలు.

ఎవరో చెప్పిన కమాండ్ కొట్టే ముందు

సమస్య ముదిరినప్పుడు చేతికందిన కమాండ్ కాపీ చేసి కొట్టేయాలనిపిస్తుంది. 'కాంపోజ్ డౌన్'కి చివర '-వీ' తగిలించి ఇస్తే కంటెయినర్లతో పాటు ఆ ఫైల్‌లో పేర్కొన్న వాల్యూమ్‌లు కూడా పోతాయి. డేటాబేస్ అందులో ఉంటే అదీ పోతుంది, 'ఖచ్చితంగా తీసేయమంటారా?' అని అడగదు కూడా. మరో నష్టం చాలామంది గుర్తించరు: కంటెయినర్‌ని తీసేసి కొత్తది సృష్టిస్తే పాతదాని లాగ్ కూడా పోతుంది. ఆధారాలు చెరిపేశాక దర్యాప్తు ఏముంటుంది? ముందు లాగ్‌ని ఒక ఫైల్‌లోకి తీసి పెట్టుకోండి. కమాండ్‌లోని ప్రతి ముక్కకీ అర్థం తెలిశాకే ఎంటర్ నొక్కండి. రేపు కంపెనీలో మీకు ప్రొడక్షన్ సర్వర్ తాళాలు ఇవ్వాలా వద్దా అన్నది ఈ అలవాటు మీదే ఆధారపడుతుంది.

రెజ్యుమెలో ఎలా రాయాలి?

'డాకర్, లినక్స్ తెలుసు' అన్న లైను వంద రెజ్యుమెల్లో ఉంటుంది. దాని బదులు 'నాలుగు జీబీ హోమ్ సర్వర్‌లో రోజూ రాత్రి పడిపోతున్న డేటాబేస్‌కి కారణం వేరే కంటెయినర్ మెమరీ వాడకమని కెర్నెల్ లాగ్‌తో నిర్ధారించి, జాబ్‌ల సంఖ్య తగ్గించి సరిచేశాను' అని రాస్తే చదివేవాళ్లు ఆగుతారు. అయితే అది మీరు నిజంగా చేసి ఉండాలి. 'లిమిట్ పెంచితే ఏమయ్యేది?', 'ఆ కారణమేనని ఎలా తేల్చారు?' అని రెండు ప్రశ్నలు అడిగితే అరువు తెచ్చుకున్న అనుభవం బయటపడిపోతుంది.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎప్పుడు పడింది, ఏం కనిపించింది, ఏమని అనుమానించారు, ఏ ఆధారం చూశారు, ఏం మార్చారు, తర్వాత వారం ఎలా ఉంది. తప్పు తేలిన అనుమానాలు కూడా కొట్టేయకుండా ఉంచండి. ఇంటర్వ్యూలో వాటి గురించి చెప్పగలిగితే సరైన జవాబు కంటే ఎక్కువ పనిచేస్తాయి. కంపెనీల్లో పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్ అని రాసేది దాదాపు ఇదే.

సర్వర్ బుద్ధిగా నడుస్తుంటే మీరే పడగొట్టండి. 64 ఎంబీ లిమిట్‌తో పైథాన్ కంటెయినర్ పెట్టి లిస్ట్‌ని పెంచుకుంటూ పోండి. లేదా స్నేహితుడితో పందెం వేయండి. అతను మీ సర్వర్‌లో ఏదో ఒకటి చెడగొట్టాలి, మీరు అరగంటలో కారణం రుజువుతో సహా చెప్పాలి. తర్వాత మీ వంతు.

ఇక్కడి నుంచి కుబెర్నెటీస్‌కి వెళ్లడం పెద్ద దూరం కాదు. డాకర్‌లో రీస్టార్ట్ లూప్ అన్నదే అక్కడ 'క్రాష్‌లూప్ బ్యాక్ ఆఫ్'గా కనిపిస్తుంది. విరామం పది సెకన్లతో మొదలై రెట్టింపవుతూ డీఫాల్ట్‌గా అయిదు నిమిషాల దాకా వెళ్తుంది. ఇన్‌స్పెక్ట్ స్థానంలో 'క్యూబ్‌సీటీఎల్ డిస్క్రైబ్', పడిపోయిన కంటెయినర్ లాగ్‌కి 'లాగ్స్' కమాండ్‌తో 'ప్రీవియస్' ఆప్షన్. 137 అక్కడా 137నే. కే3ఎస్ అనే తేలికపాటి రకాన్ని ఇదే ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చు. సర్టిఫికెట్ కావాలనుకుంటే సీకేఏ పరీక్ష చూడండి. రెండు గంటలు, ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఉండవు, నిజమైన క్లస్టర్ల మీద పనిచేసి చూపించాలి. దాని సిలబస్‌లో ట్రబుల్‌షూటింగ్ వాటా 30 శాతం. లినక్స్ పునాది ఇంకా గట్టిగా లేదనుకునేవాళ్లు దానికంటే ముందు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ వైపు వెళ్లొచ్చు, అదీ చేసి చూపించే పరీక్షే. ఫీజు కట్టే ముందు మాత్రం కొన్ని వారాల పాటు మీ నోట్‌బుక్‌లో పేజీలు నిండుతున్నాయో లేదో చూసుకోండి.